సంఘం నుంచి వెలివేయడం: దాని అర్థం, ఉద్దేశం, హద్దులు

మీరు రాసిన సంగతి ఇదీ. మీ అన్నయ్య హిందూ అమ్మాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. రెండు వారాలు తిరక్కుండానే ఆదివారం ఆరాధన చివర పాస్టర్ గారు మైకులో ఆయన్ని సంఘం నుంచి వెలివేశామని, ఇకపై ఎవరూ ఆ ఇంటి గడప తొక్కకూడదని ప్రకటించారు. కొడుకు రక్షణ పోయిందని మీ అమ్మగారు తిండి మానేశారు. మీది ఏ డినామినేషనో రాయలేదు కాబట్టి కాథలిక్కుల పద్ధతి, ప్రొటెస్టెంటుల పద్ధతి రెండూ చెప్తాను.

ముందు అమ్మగారి సంగతి. ఆమెకు ఈ రోజే చెప్పండి: ఒక మనిషి రక్షణను రద్దు చేసే అధికారం సంఘానికి ఉందని పాత సంఘాల బోధ చెప్పదు. రోమన్ కాథలిక్ సభ బోధ ప్రకారం జ్ఞానస్నానం ముద్ర చెరిగేది కాదు. వెలికి గురైన మనిషి కూడా కాథలిక్కుగానే ఉంటాడు, ఆదివారం పూజకు రావాల్సిన బాధ్యత కూడా అతని మీద ఉంటుంది. ప్రొటెస్టెంటుల బోధలో రక్షణ దేవుని కృప వల్ల కలిగేది, సంఘ రిజిస్టరులో పేరు వల్ల కాదు. సంఘం చేయగలిగింది ఒక్కటే: "నీ నడత చూస్తుంటే నువ్వు మాతో కలిసి ప్రభు బల్ల దగ్గర కూర్చునే స్థితిలో లేవు, తిరిగి రా" అని బహిరంగంగా హెచ్చరించడం. (ప్రభు బల్ల అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనం; పొట్టిగా బల్ల అంటారు.) ఆ హెచ్చరిక చాలా బరువైనది, తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. కానీ అది నరకానికి పంపే తీర్పు మాత్రం కాదు.

దీనికి మూలం మత్తయి 18:15-17. తప్పు చేసిన సహోదరుడిని మొదట ఒంటరిగా కలిసి చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాటా వినకపోతే అతన్ని అన్యుడిగా, సుంకరిగా (పన్ను వసూలుదారుగా) ఎంచాలి. మన దగ్గర చాలామంది ఈ చివరి వాక్యాన్ని పట్టుకుని ముందు మూడింటినీ వదిలేస్తారు. దానికి సరిగ్గా పైన ఉన్నది తప్పిపోయిన గొర్రె ఉపమానం, కింద ఉన్నది డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న మాట. యేసు సుంకరులతో ఎలా మెలిగాడో కూడా అదే సువార్త చెప్తుంది: వాళ్ల ఇళ్లకు వెళ్లి భోజనం చేశాడు.

రెండో మూలం కొరింథు సంఘం. తండ్రి భార్యను ఉంచుకున్న ఒకడిని సంఘం పట్టించుకోకపోగా గర్వంతో ఉప్పొంగుతోంది. మొదటి కొరింథీయులకు 5వ అధ్యాయంలో పౌలు అతన్ని సాతానుకు అప్పగించమంటాడు, వెలివేయమంటాడు. వినడానికి భయం పుట్టించే మాటలు. కానీ ఐదో వచనాన్ని చివరిదాకా చదవండి: ప్రభువు దినాన అతని ఆత్మ రక్షింపబడాలన్నదే ఉద్దేశం. రెండో పత్రిక 2వ అధ్యాయంలో శిక్ష పడిన ఒకడి గురించి పౌలు మళ్లీ రాస్తాడు. ఇద్దరూ ఒకరేనని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, కాదనేవారూ ఉన్నారు. ఎవరైనా సరే, అక్కడ అతను చెప్పింది: ఎక్కువమంది వేసిన ఆ శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే అతను దుఃఖంలో మునిగిపోతాడు. రెండో థెస్సలొనీకయులకు 3:15లో హద్దు ఇంకా సూటిగా ఉంది: శత్రువుగా చూడొద్దు, సహోదరుడిగా భావించి బుద్ధి చెప్పండి.

కాబట్టి ఉద్దేశాలు మూడు. ఆ మనిషి మారుమనస్సు మొదటిది. పులిపిండి ముద్దనంతా పులిపించినట్టు ఆ తప్పు సంఘమంతా మామూలైపోకుండా ఆపడం రెండోది. దెబ్బతిన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు సంఘం అండగా నిలవడం మూడోది. ఈ మూడోదాన్ని మనవాళ్లు దాదాపు మర్చిపోయారు. భార్యను కొట్టే సంఘ పెద్ద ప్రతి ఆదివారం బల్ల అందిస్తుంటే, ఆ భార్య దృష్టిలో సంఘం ఎవరి పక్షాన ఉన్నట్టు? క్రమశిక్షణ అవసరమైన చోట అది లేకపోవడం కూడా పాపమే.

పాత సంఘాలు దీన్ని ఎంత జాగ్రత్తగా నడిపాయో 325లో బిషప్పులు కూడిన నైసియా మహాసభ నియమాల్లో కనిపిస్తుంది. బలవంతమేమీ లేకుండానే విశ్వాసాన్ని వదిలేసినవాళ్లు పశ్చాత్తాపపడి వస్తే ఏం చేయాలో 11వ నియమం లెక్క కట్టి చెప్తుంది: మూడేళ్లు వాక్యం వినేవాళ్లతో, ఏడేళ్లు సాగిలపడేవాళ్లతో, రెండేళ్లు బల్ల తీసుకోకుండా ప్రార్థనలో అందరితో. మొత్తం పన్నెండేళ్లు. కఠినమే. అయినా మొదటి రోజు నుంచీ ఆ మనిషికి తన దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసు. 13వ నియమం ప్రకారం చావు బతుకుల్లో ఉన్నవాడికి గడువుతో పనిలేకుండా ప్రభు భోజనం ఇవ్వాలి. నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచేది 5వ నియమం. ఒక బిషప్ వెలివేసినవాడిని ఇంకో బిషప్ చేర్చుకోకూడదని చెప్తూనే, ఆ వెలి బిషప్ చిన్నబుద్ధి వల్లో, కక్ష వల్లో పడిందేమో విచారించడానికి ప్రతి ప్రాంతంలోనూ ఏటా రెండుసార్లు సభ జరగాలంటుంది. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందటే పాదిరి కోపంతో వెలివేసే ప్రమాదం ఉందని వాళ్లకు తెలుసు. అందుకే అప్పీలు పెట్టారు.

మంచికి వాడిన సందర్భం: 390లో థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన థియోడోసియస్ చక్రవర్తికి మిలాన్ బిషప్ ఆంబ్రోస్ ప్రభు భోజనం ఇవ్వనన్నాడు. చక్రవర్తి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాకే చేర్చుకున్నాడు. చెడుకు వాడినవి లెక్కలేనన్ని. మధ్యయుగాల్లో బాకీల వసూలుకు, రాజుల మీద ఒత్తిడికి కూడా ఇదే ఆయుధం. చివరికి 1563లో కాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభే ఒప్పుకుంది: చిన్న కారణాలకు తొందరపడి వాడితే ఈ కత్తికి జనం భయపడరు సరికదా దాన్ని చులకన చేస్తారు, మేలు బదులు నాశనం జరుగుతుంది. మన దగ్గర ఈనాడు జరుగుతున్నది అచ్చంగా అదే.

ఇప్పుడు కాథలిక్ చట్టం. 1983 ధర్మసూత్రాలు (కానన్ లా) దీన్ని ఔషధ శిక్షల వరుసలో, అంటే మనిషిని బాగుచేయడానికి వేసే శిక్షల్లో పెట్టాయి. 2021 డిసెంబరు 8 నుంచి సవరించిన శిక్షల భాగం అమల్లో ఉంది. వెలి రెండు రకాలు. విచారించి విధించేది ఒకటి, తప్పు చేసిన క్షణానే దానంతట అదే పడేది రెండోది. ఈ రెండో రకానికి కారణాలు కొన్నే: విశ్వాసాన్ని వదిలేయడం, భిన్నబోధ, సభను చీల్చడం, దివ్యసత్ప్రసాదాన్ని (కాథలిక్కుల ప్రభు భోజనాన్ని) అపవిత్రం చేయడం, పోపు మీద చేయి చేసుకోవడం, పోపు అనుమతి లేకుండా బిషప్‌ను అభిషేకించడం, తన దగ్గర ఒప్పుకున్న పాపాల రహస్యాన్ని (పాపసంకీర్తన రహస్యాన్ని) గురువు, అంటే ఫాదర్, నేరుగా బయటపెట్టడం, గర్భస్రావం చేయించడం వంటివి. వెలి పడితే సంస్కారాలు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, సభలో ఏ పదవీ నిర్వహించకూడదు. అంతవరకే. ఇరుగుపొరుగు మాట్లాడకూడదనో, పెళ్లికి పిలవకూడదనో ఈ చట్టంలో ఎక్కడా లేదు.

పదహారేళ్లు నిండనివారికి ఏ శిక్షా పడదు. శిక్ష ఉందని తన తప్పేమీ లేకుండా తెలియనివారికి, తీవ్రమైన భయంతో చేసినవారికి దానంతట అది పడే వెలి వర్తించదు. విధించే వెలికైతే కనీసం ఒక్కసారి ముందస్తు హెచ్చరిక, మారడానికి తగిన గడువు ఇచ్చి తీరాలి, లేకపోతే ఆ శిక్ష చెల్లదు. మొండితనం విడిచిపెట్టినవాడికి వెలి ఎత్తేయకుండా ఉండే హక్కు అధికారికి లేదు. మరణాపాయంలో ఏ గురువైనా విమోచనం ఇవ్వొచ్చు. గర్భస్రావ పాపాన్ని క్షమించే అధికారాన్ని పోప్ ఫ్రాన్సిస్ 2016 నవంబరులో గురువులందరికీ ఇచ్చారు. భయంతో ఏళ్ల తరబడి పాపసంకీర్తనానికి దూరంగా ఉండిపోయిన తల్లులు మన విచారణల్లో (పారిష్‌లలో) ఉంటారు, వాళ్లకు ఈ మాట చేరాలి.

మీ అన్నయ్య కాథలిక్ అయితే సంగతి తేలిక. క్రైస్తవేతరురాలిని సభ అనుమతి లేకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకోవడం వెలి పడే నేరం కాదు. ఆ పెళ్లిని సభ ఇంకా గుర్తించలేదు కాబట్టి దివ్యసత్ప్రసాదం పుచ్చుకోకూడదు, అంతే. విచారణ గురువు (పారిష్ ఫాదర్) ద్వారా పీఠాధిపతికి, అంటే బిషప్‌కు, మతాంతర వివాహ మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. అన్నయ్య తన విశ్వాసాన్ని నిలుపుకుంటానని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చినట్టు వదినగారికి తెలియజేయాలి. ఆమె మతం మారాల్సిన పని లేదు.

ప్రొటెస్టెంట్ సంఘాల్లో అధికారం ఎవరిదన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) స్థానిక పాస్టర్ ఒక్కరే తేల్చేది కాదు, డయాసిస్ దాకా, అంటే బిషప్ పాలనా ప్రాంతం దాకా వెళ్లాలి. డయాసిస్ ఆఫీసులో సీఎస్ఐ రాజ్యాంగం ప్రతి అడిగి చూడండి. బాప్టిస్టు సంఘాల్లో సభ్యుల కూటమిదే చివరి మాట, ఎందుకంటే "మీరు కూడివచ్చినప్పుడు" అని పౌలు రాసింది సంఘమంతటికీ. మెన్నోనైట్లు అనే ప్రొటెస్టెంట్ శాఖ సంప్రదాయం ఈ విషయంలో అందరికంటే కఠినమైనది. ఆ శాఖకు చెందిన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు మన మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఉన్నాయి కాబట్టి కాస్త చెప్తాను. వాళ్ల ఆది గుంపుల విశ్వాస ప్రకటన అయిన 1527 నాటి ష్లైట్‌హైమ్ ఒప్పుకోలు రెండుసార్లు రహస్యంగా, మూడోసారి బహిరంగంగా హెచ్చరించమంటుంది, అదీ రొట్టె విరవక ముందే. తర్వాత 1550ల్లో నెదర్లాండ్స్‌లో పెద్ద తగవు వచ్చింది: వెలికి గురైన భర్తకు భార్య కూడా దూరంగా ఉండాలా? ఆ ప్రశ్న మీద సంఘాలే చీలిపోయాయి. 1632లో డోర్ట్‌రెక్ట్ ఒప్పుకోలు దూరంగా ఉండమంటూనే ఒక కట్టుబాటు పెట్టింది: వెలిపడినవాడు ఆకలితో, దప్పికతో, జబ్బుతో ఉంటే సాయం చేయాల్సిందే, లేకపోతే అతన్ని బాగుచేయడం పోయి నాశనం చేసినట్టవుతుంది. అంత కఠినులే అక్కడ గీత గీశారు. "గడప తొక్కొద్దు" అన్న మీ పాస్టర్ గారు ఆ గీత కూడా దాటేశారు.

మన ఊళ్లలో ఇలా ఎందుకు జరుగుతుందో దాచకుండా చెప్పుకోవాలి. నీళ్లు ఇవ్వొద్దు, నిప్పు ఇవ్వొద్దు, పలకరించొద్దు అనే కుల పంచాయతీ కట్టుబాటు మన నరాల్లో ఉంది. సంఘంలో చాలామంది ఒకే పేటవాళ్లు, ఒకే బంధువర్గం. పాస్టర్ ప్రకటన చేయగానే అది కుల వెలిగా మారిపోతుంది. బల్ల దగ్గర మొదలైనది బావి దగ్గరికి, కిరాణా కొట్టు దగ్గరికి, శవం మోసే దగ్గరికి వెళ్తుంది. ఇంకో కారణం, స్వతంత్ర సంఘాల్లో స్థలం, భవనం, ఖాతా అన్నీ ఒకే కుటుంబం పేరు మీద ఉండటం. అక్కడ పాస్టర్‌ను ప్రశ్నించేవారు ఉండరు. దశమభాగం ఇవ్వలేదని, కానుకల లెక్క అడిగారని, పక్క సంఘం కూడికకు వెళ్లారని వెలివేయడం క్రమశిక్షణ కాదు. మూడో యోహాను పత్రికలో దియొత్రెఫే చేసిన పని అదే. ప్రధానత్వం కోరుకుని, సహోదరులను చేర్చుకునేవాళ్లను సంఘం నుంచి వెళ్లగొట్టాడు. అక్కడ అపొస్తలుడు తప్పుపట్టింది వెళ్లగొట్టినవాడిని.

ఇక అసలు పరీక్ష. ఏ వెలినైనా ఒక్క ప్రశ్నతో తూచొచ్చు: ఏం చేస్తే దీన్ని ఎత్తేస్తారు? దొంగ లెక్కలు రాసినవాడైతే డబ్బు తిరిగి కట్టాలి. పరాయి స్త్రీతో ఉంటున్నవాడైతే ఆ సంబంధం మానాలి. మీ అన్నయ్యను ఏం చేయమంటారు? "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అన్న రెండో కొరింథీయులకు 6:14 చూపిస్తారు. పెళ్లికి ముందు ఆ మాట చెప్పి వారించడం కాపరిగా ఆయన బాధ్యతే, కాదనను. కానీ పెళ్లయ్యాక పశ్చాత్తాపం అంటే భార్యను వదిలేయడమా? అవిశ్వాసి అయిన భార్య కాపురం చేయడానికి ఇష్టపడితే ఆమెను విడిచిపెట్టకూడదని అదే పౌలు మొదటి పత్రిక 7:12లో రాశాడు. అంటే ఇక్కడ తిరిగొచ్చే దారే లేదు. దారి లేని వెలి ఔషధం కాదు, కక్ష సాధింపు. ప్రొటెస్టెంట్ సంఘాలు చాలావరకు ఇలాంటి సందర్భంలో కొంతకాలం బల్లకు దూరంగా ఉంచి, దంపతులతో మాట్లాడి, అన్నయ్య తన అవిధేయతను ఒప్పుకున్నాక మళ్లీ చేర్చుకుంటాయి. అది అర్థం చేసుకోదగిన పద్ధతి.

సరిగ్గా చేయాలంటే ఎలా చేయాలో కూడా రాస్తాను, మీ సంఘ పెద్దలకు చూపించొచ్చు. ముందు ఆరోపణ ఏమిటో ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టాలి. "నడత బాగోలేదు" అంటే చెల్లదు. ఏ పని, ఎప్పుడు, ఏ వాక్యానికి విరుద్ధం అన్నది ఉండాలి. గాలి మాట మీద పోకూడదు, ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి. తర్వాత ఒంటరి పలకరింపు, ఆ తర్వాత ఇద్దరితో కలిసి. ఈ రెండింటి మధ్య కనీసం నెల రోజులు ఉండాలని నా అభిప్రాయం. కోపం చల్లారడానికి వారం చాలదు. పెద్దల ముందు అతని మాట పూర్తిగా వినాలి. ఫిర్యాదు చేసినవాడు, అతని దగ్గరి చుట్టం ఆ రోజు తీర్పులో కూర్చోకూడదు. మొదటి మెట్టు బల్ల నుంచి, బాధ్యతల నుంచి తాత్కాలికంగా ఆపడం. చాలా సంగతులు అక్కడే సర్దుకుంటాయి. ఒక మినహాయింపు గట్టిగా చెప్పాలి: పిల్లల మీద లైంగిక దాడి, గృహహింస లాంటి నేరాల్లో బాధితురాలిని "ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అని పంపకూడదు. పిల్లల విషయమైతే తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. మత్తయి 18 పేరు చెప్పి దాన్ని ఆపడం ఘోరం.

చివరికి ప్రకటించాల్సే వస్తే ఆ మాటలు దాదాపు ఇలా ఉండాలి: "సహోదరుడు ఫలానా వారు పెద్దల హెచ్చరికలు విన్నా తమ నిర్ణయం మార్చుకోలేదు కాబట్టి, నేటి నుంచి ప్రభు బల్లలో పాలుపొందరు, సంఘంలో ఏ బాధ్యతా చేపట్టరు. వాక్యం వినడానికి వారు ఎప్పుడైనా రావచ్చు. వారి కుటుంబంతో మన సహవాసం యథావిధిగా ఉంటుంది. ఫలానా పెద్ద వారిని నెలకోసారి కలుస్తారు. మూడు నెలల తర్వాత ఈ నిర్ణయాన్ని తిరిగి పరిశీలిస్తాం. వారి కోసం ప్రార్థించండి." తప్పు వివరాలు మైకులో చెప్పొద్దు. దీన్ని సభ్యుల కూటమిలో చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఆరాధనలో కాదు. యూట్యూబ్ లైవ్ నడుస్తుంటే అసలే వద్దు. కలిసే పెద్ద ఎవరో, మళ్లీ చూసే తేదీ ఏదో చెప్పని ప్రకటన నూటికి తొంభై సార్లు శాశ్వతమైపోతుంది. చెడ్డతనం వల్ల కాదు, ఎవరి పనీ కాకపోవడం వల్ల.

చట్టం మాట. మత కారణాలతో సభ్యుణ్ని వెలివేసే హక్కు మత శాఖకు ఉందని సుప్రీంకోర్టు 1962లో దావూదీ బోహ్రాలనే ముస్లిం శాఖ కేసులో తేల్చి, వెలిని నిషేధించిన 1949 నాటి బొంబాయి చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పును 2023లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించారు. కాబట్టి "బల్ల ఇవ్వండి" అని కోర్టుకు వెళ్లడం వల్ల లాభం తక్కువ. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే మాత్రం సభ్యుణ్ని తీసేయడానికి బైలాస్ ప్రకారం నోటీసు, విచారణ జరిగాయా అని అడగొచ్చు. మైకులో అబద్ధపు ఆరోపణ చేస్తే పరువునష్టం వర్తిస్తుంది. సమాధుల తోట పంచాయతీదో, రెవెన్యూదో అయితే అక్కడ చోటు ఇవ్వననే అధికారం పాస్టర్‌కు లేదు. ఆ భూమి ఎవరిదో ఇప్పుడే రికార్డులో చూసి పెట్టుకోండి, అవసరం పడిన రోజు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. అన్నయ్య చేత గొడవలేని మాటల్లో ఒక ఉత్తరం రాయించండి: నా మీద ఆరోపణ ఏమిటి, ఎవరు ఏ తేదీన హెచ్చరించారు, ఏ కూటమిలో తీర్మానం జరిగింది, ఏం చేస్తే ఇది ఎత్తేస్తారు. నాలుగే ప్రశ్నలు. రెండు ప్రతులు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. ముప్పై రోజులు చూడండి. పాస్టర్ గారి పైన డయాసిస్, ఫీల్డ్ అసోసియేషన్ లాంటి వ్యవస్థ ఉంటే ఉత్తరం నకలు అక్కడికీ పంపండి. ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు, పెడితే రాజీకి దారి మూసుకుపోతుంది. జవాబు రాకపోతే, పైన ఎవరూ లేకపోతే, అన్నయ్య వేరే సంఘానికి వెళ్లడంలో తప్పు లేదు. అయితే అక్కడి పాస్టర్‌కు జరిగిందంతా మొదటి రోజే చెప్పి, ఈ ఉత్తరం ప్రతి చూపించాలి. ఆయన పాత సంఘానికి ఒక ఫోన్ చేసి విచారిస్తే మంచిది, అన్నయ్య దాన్ని అవమానంగా తీసుకోకూడదు. అమ్మగారిని మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆపకుండా ఈలోపే కొడుకు ఇంటికి తీసుకెళ్లండి. ఆ ఇంట్లో కూర్చుని భోజనం చేయడానికి ఆమెకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.